బంగాళదుంపల తుపాకీ

యెర్కర్ పేరులో ఎరుక వినిపిస్తుంది గానీ, తుపాకీ కొనేదాకా ఆ ఎరుక ఆయన గడప తొక్కలేదు. వయసు నలభై ఏడు. గ్రాన్‌లిడెన్ ఊరి బడిలో తలుపులు బిగించడం, మంచు తోడడం, పిల్లలు పారేసుకున్న చేతితొడుగులకు జత వెతకడం ఆయన ఉద్యోగం. పదకొండేళ్ళుగా ఊరి దుప్పి వేట జట్టులో సభ్యుడు కూడా. సభ్యుడంటే పేరుకే. అడవిలో ఒక చివరి నుంచి ఇంకో చివరికి అరుచుకుంటూ నడవడం ఆయన వంతు. ఆ అరుపుకు గుర్రమంత దుప్పి లేచి పరిగెడుతుంది. మాటుల్లో కూర్చున్నవాళ్ళు దాన్ని కాలుస్తారు. ఈ పదకొండేళ్ళలో యెర్కర్ కాల్చినవి సాసేజీలు మాత్రమే. అవీ మంట మీద, అందరికోసం.

వాళ్ళ నాన్న కూడా ముప్పై ఏళ్ళు అరిచినవాడే. వంశానికి ఆస్తిగా గొంతు దక్కింది, గొట్టం దక్కలేదు.

మే నెల సమావేశంలో, కాఫీ రెండో విడత పోస్తుండగా జట్టు పెద్ద ఆర్విడ్ గొంతు సవరించుకున్నాడు. ఆర్విడ్ తల గుండు, మాట తూటా.

"ఆరో మాటు ఖాళీ. రాగ్నార్ మోకాళ్ళు ఇక ఆ నిచ్చెన ఎక్కలేమంటున్నాయి. పట్నంలో పళ్ళ డాక్టరు, ఆ క్లాస్ అనే ఆయన, అడుగుతున్నాడు. ఏమంటారు?"

ఆరో మాటంటే అందరి నోట్లోనూ నీళ్ళూరతాయి. చిత్తడి నేల రెండు గుట్టల మధ్య సన్నగా మెడలాగా మారే చోటు. ఆ అడవిలో లేచిన ప్రతి మూడో దుప్పీ ఆ మెడలోంచే పోవాలి.

"నేనూ అడుగుతున్నా," అన్నాడు యెర్కర్.

గదిలో చెంచాలు తిరగడం ఆగిపోయింది.

"నీకు తుపాకీ ఏది కుర్రాడా?" అన్నాడు ఆర్విడ్. ఆ జట్టులో అరవై దాటనివాళ్ళంతా కుర్రాళ్ళే.

"కొంటా."

"ఎప్పుడు?" బల్ల చివర నుంచి స్టూరె అందుకున్నాడు. స్టూరెది ఊళ్ళో పెట్రోలు బంకు, కానీ అతని నోరే ఎక్కువ మండుతుంది. "ఈ శతాబ్దంలోనేనా?"

నవ్వులు ఆగాక ఆర్విడ్ తీర్పు చెప్పాడు. "మాటులో కూర్చునేవాడికి సొంత తుపాకీ ఉండాలి, అరువుది చెల్లదు. వేటకు ముందు శనివారం చెక్క దుప్పి మీద వరసగా మూడు గుళ్ళు గుండెకాయ గీతలో పడాలి. పడితే ఆరోది నీది. పడకపోతే డాక్టరుది. సరేనా?"

యెర్కర్ హుప్ అని గాలి లోపలికి పీల్చాడు. ఆ ఊళ్ళో ఔను అనడానికి నోరు తెరిచి శ్రమపడరు. అలా జట్టు ఆయనకు మాట ఇచ్చింది. ఇక మాటు ఇవ్వడమే తరువాయి.

యెర్కర్ దగ్గరున్న సొమ్ము నాలుగు వేల క్రోనర్లు. రెండేళ్ళ సంపాదన అది. మంచు కరిగే ఏప్రిల్లో రోడ్ల పక్కన ఖాళీ బీరు డబ్బాలు పుట్టగొడుగుల్లా లేస్తాయి. వాటిని ఏరి, బస్తాలకెత్తి, కొట్టు దగ్గరి యంత్రానికి ఒక్కొక్కటీ తినిపిస్తే, అది డబ్బాకు ఒకటో రెండో క్రోనర్ల చీటీ కక్కుతుంది. మొదట ఎనిమిది వేలుండేవి. సగం కారు గేరుబాక్సు నమిలేసింది.

తుపాకుల కొట్టు తొంభై కిలోమీటర్ల దూరం. వెళ్ళాడు.

"ఎంతలో చూస్తున్నావు?" అన్నాడు కొట్టువాడు.

"నాలుగు వేలు."

"స్కోపుకా?"

"తుపాకీకి."

కొట్టువాడు మర్యాదస్తుడు. నవ్వలేదు. "చేపల గాలాలు చూపించనా?" అన్నాడు.

గోడకు వరసగా నిలబడ్డ తుపాకుల్లో అన్నిటికంటే చవకది తొమ్మిది వేలు. దానికి పిడి ప్లాస్టిక్కు. గురి చూసే స్కోపు వేరే, స్కోపును పట్టుకునే కొక్కేలు వేరే, భుజానికి పట్టీ వేరే. పట్టీ ధర చూసి యెర్కర్ తన ప్యాంటు బెల్టును ఆప్యాయంగా తడుముకున్నాడు.

"ఇంతకీ బీరువా ఉందా నీకు?" అన్నాడు కొట్టువాడు.

"ఏం బీరువా?"

"తుపాకీ దాచే ఇనప బీరువా. అది లేకపోతే పోలీసులు లైసెన్సు ఇవ్వరు కదా. వేట పరీక్షలో రాసే ఉంటావు."

రాశాడు. ఆ ప్రశ్నకు పూర్తి మార్కులు కూడా వచ్చాయి. బీరువాకు డబ్బులవుతాయని మాత్రం ఆ ప్రశ్నలో లేదు.

పక్క ఊరి రంపపు మిల్లు మూలన ఒక పాత బీరువా పద్దెనిమిది వందలకు దొరికింది. మిగిలిన బీరు డబ్బాల్లో దాదాపు సగం అలా బీరువాగా అవతారమెత్తాయి. దాన్ని నలుగురు మోసి తెచ్చారు. వరండా మెట్టు ఒకటి విరిగింది. స్టూరె నడుము పట్టేసింది, నోరు మాత్రం పట్టెయ్యలేదు.

ఉల్లా, యెర్కర్ భార్య, ఊరి ఆసుపత్రిలో నేలలు తుడిచి అప్పుడే వచ్చింది. పడకగదిలో నిలబడ్డ ఆకుపచ్చ ఇనప పర్వతాన్ని చూసింది. పేరుకు ఉల్లా గానీ ఆ సాయంత్రం ఆవిడలో ఉల్లాసం వెతికినా కనిపించలేదు.

"లోపల ఏముంది?"

"ఏమీ లేదు."

"ఏమీ లేనిదాన్ని దాచడానికి ఇంత తాళమా? మన పొదుపు పుస్తకం పెట్టు, అదీ ఖాళీనే."

"తుపాకీ వస్తుంది."

"రానీ. వచ్చేదాకా ఊరికే ఎందుకుండాలి?" అని, మర్నాడు చేసిన దాల్చినచెక్క రొట్టెలు ఆవిడ అందులో పెట్టి తాళం వేసింది. తాళం చెవి జేబులో వేసుకుంది. యెర్కర్ ఇరవై ఏళ్ళుగా రొట్టెలు దొంగిలిస్తున్న సంగతి ఆవిడకు తెలుసు. దానికి ఇన్నాళ్ళకు ప్రభుత్వ ప్రమాణాలకు తగ్గ భద్రత దొరికింది.

ఇక ప్రకటనల వేట. మొదటి ప్రకటన చూసి ఫోన్ చేస్తే గంట క్రితమే అమ్ముడైందన్నారు. రెండోది చూడ్డానికి నూట నలభై కిలోమీటర్లు పోతే, పిడి పగిలి ఇన్సులేషన్ టేపుతో నిలబడుతోంది. "టేపు కొత్తదే," అన్నాడు అమ్మేవాడు. మూడోదాని ధర పదిహేను వందలే. ఫోన్ చేస్తే, ఒక సున్న జారిపోయిందన్నారు. యెర్కర్‌కి రాత్రుళ్ళు కలలో దుప్పి వచ్చి దుప్పటి లాక్కుపోవడం మొదలైంది.

జూన్ మొదట్లో కిరాణా కొట్టు నోటీసు బల్ల మీద, తప్పిపోయిన పిల్లికీ అమ్మకానికున్న పడవకీ మధ్య, ఒక చీటీ కనిపించింది. వణికే చేతిరాత. "తుపాకీ. మంచి చెక్క. తొమ్మిది వందలు. కాఫీ ఇస్తాను. టూరా."

యెర్కర్ ఆ చీటీ పీకి జేబులో పెట్టుకున్నాడు. ఇంకెవరూ చూడకూడదు.

టూరా అత్తకు డెబ్భై తొమ్మిదేళ్ళు. చుట్టుపక్కల నాలుగు ఊళ్ళకీ ఆవిడ అత్తే. ఆవిడ భర్త ఎడ్విన్ వేరే జట్టులో వేటాడేవాడు. క్రితం చలికాలం పోయాడు. యెర్కర్ వెళ్ళేసరికి బల్ల మీద కాఫీ, ఏడు రకాల బిస్కెట్లు సిద్ధంగా ఉన్నాయి. ఏడూ రుచి చూడాలి. ఒకటి వదిలేస్తే ఆ ఇంటిని అవమానించినట్టు. మొదటి మూడూ ఆనందంగా, నాలుగోది ఓపికగా, ఐదోది కాఫీలో ముంచి, ఆరోది కళ్ళు మూసుకుని తిన్నాడు. ఏడోది గొంతులో ఉండగా ఆవిడ లోపలికెళ్ళి తుపాకీ తెచ్చి ఒళ్ళో పెట్టింది.

యెర్కర్ ప్రేమలో పడ్డాడు. వాల్‌నట్ చెక్క పిడి, తేనెలో కాఫీ కలిసినట్టు చారలు, అరిగి నునుపెక్కిన పట్టు. స్కోపు లేదు, ముందూ వెనకా గురిచూపులు మాత్రమే. గొట్టం మీద సన్నటి అక్షరాల్లో తూటా కొలత తొమ్మిది పాయింట్ మూడు అని కనబడింది. దాని పక్కన ఇంకో అంకె ఉంది గానీ, ప్రేమలో ఉన్నవాడు పెళ్ళికూతురి ఇంటిపేరు దాకా చదవడు.

ఆర్విడ్‌దీ తొమ్మిది పాయింట్ మూడే, జట్టులో సగం మందివీ అవే. తూటాలు ఎక్కడైనా దొరుకుతాయి అనుకున్నాడు.

"ఎడ్విన్ దీనితో నలభై ఒక్క దుప్పుల్ని కొట్టాడు," అంది టూరా అత్త. "నలభై రెండోది పొదల్లో పడిపోయిందని ఆయన అనేవాడు. నేను నమ్మలేదు. నువ్వు నువ్వుల బిస్కెట్టు రెండోది తీసుకోలేదే?"

"తీసుకుంటానత్తా. తొమ్మిది వందలేనా?"

"ఎక్కువంటావా?"

"లేదు లేదు!" బిస్కెట్టు పొరబోయింది.

లైసెన్సు చేతికొచ్చేదాకా తుపాకీ అమ్మినవాళ్ళ దగ్గరే ఉండాలి. యెర్కర్ ఆవిడకు డబ్బు ఇచ్చేసి అర్జీ నింపాడు. తూటా కొలత అన్న గడిలో తొమ్మిది పాయింట్ మూడు రాసి, దాని పక్కన ఆర్విడ్ తూటాల పొడవు అరవై రెండును తోకగా ధీమాగా తగిలించి, రుసుము కట్టి పంపాడు. ఆరు వారాలు ఎదురుచూశాడు. బడికి సెలవులు. టపా బండి శబ్దం వింటే చాలు, కంచె దగ్గరికి పరుగు. బీరువాలో రొట్టెలు మాత్రం క్షేమంగా ఉన్నాయి.

జూలై చివర కవరు వచ్చింది. లోపల ఆయన అర్జీయే ఉంది. తిరుగు టపా.

ఆ కాగితం అడుగునున్న నంబరుకు ఫోన్ చేస్తే, నలభై నిమిషాల సంగీతం తర్వాత ఒక ఆడగొంతు పలికింది. "నువ్వు రాసింది తొమ్మిది పాయింట్ మూడు, అరవై రెండు. మా రిజిస్టరులో ఆ తుపాకీ యాభై ఏడు."

"అయితే ఏమైంది? ఐదే కదా తేడా!"

"ఐదు మిల్లీమీటర్లు. నా బూటు ఐదు మిల్లీమీటర్లు చిన్నదైతే నేను ఇంటికి నడిచి పోలేను."

"నువ్వే దిద్దెయ్యకూడదూ? ఒక్క అంకె!"

"నేను దిద్దితే అర్జీ నాదవుతుంది. మళ్ళీ పంపు."

యెర్కర్ ఫోన్ పెట్టేసి, వరండా మెట్టు మీద కూర్చోబోయి, అది విరిగిందని గుర్తొచ్చేలోపు నేల మీద కూర్చున్నాడు. లేచి కొట్టువాడికి ఫోన్ చేశాడు.

"యాభై ఏడా!" కొట్టువాడి గొంతులో పాత చుట్టాన్ని చూసినంత సంబరం. "బంగాళదుంపల తుపాకీ! దాన్ని అలాగే అంటారు. గుండు లావు, నడక నిదానం. ఎవరో దుంప విసిరినట్టు వంపు తిరిగి వెళ్తుంది. దగ్గర్లో మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది."

"తూటాలున్నాయా?"

"వసంతంలో చివరి పెట్టె అమ్మేశా. మళ్ళీ నవంబరులో వస్తాయి."

వేట సెప్టెంబరు మొదటి సోమవారం మొదలు. యెర్కర్ ఫోన్‌లోకి కొన్ని మాటలు పేల్చాడు. ఆ వేసవిలో ఆయన పేల్చగలిగినవి అవే.

రహస్యం రెండు రోజులు కూడా ఆగలేదు. కిరాణా కొట్టులో స్టూరె కూరగాయల దగ్గర కాపుకాశాడు. "యెర్కర్! ఈ వారం తూటాలు తగ్గింపు ధరకిస్తున్నారు. కిలో పన్నెండు. మట్టి కడుక్కోవాలి."

"నవ్వు స్టూరె. బాగా నవ్వు."

"ఒక్క మాట చెప్పిపో. ఉడకబెట్టి కాలుస్తావా, తొక్కతోనా? దుప్పికి వెన్నతో ఇష్టమంట!"

దారిలో ఆర్విడ్ కనబడితే కాస్త ఊరట దొరుకుతుందేమో అనుకున్నాడు. ఆర్విడ్ గుండు గోక్కుని, "నియమం నియమమే కుర్రాడా. శనివారం మూడు గుళ్ళు. కూరగాయలు లెక్కలోకి రావు," అన్నాడు.

ఆ కోపంలోనే యెర్కర్ సైకిలు తొక్కుకుంటూ టూరా అత్త ఇంటికెళ్ళాడు. బేరం రద్దు చేసుకుని తొమ్మిది వందలూ వెనక్కి తీసుకోవాలి. నోటి దాకా వచ్చిన మాటకు అడ్డంగా ఆవిడ మొదటి బిస్కెట్టు పెట్టింది. ఏడోది మింగేదాకా కోపాన్ని ఎక్కడ దాచాలో ఆయనకు తెలియలేదు.

"తూటాలు దొరకవని చెప్పలేదేంటత్తా?" అన్నాడు ఎట్టకేలకు.

"తూటాలు కొనుక్కునేదెవరు?"

"అంటే?"

"కొనుక్కోవడం డబ్బున్నవాళ్ళ పని నాయనా. నేను చేసేదాన్ని."

బట్టలుతికే గదిలో, దుప్పట్లు ఇస్త్రీ చేసే పాత రోలరు పక్కన, బల్లకు బిగించిన, తూటాలు నొక్కే ఇనప మీట ఒకటి కనబడింది. ఎడ్విన్ నోట్లో ఎప్పుడూ వెలిగే పొగాకు పైపు ఉండేది కాబట్టి మందుగుండు ఉన్న గదిలోకి ఆయన్ని రానిచ్చేది కాదట. నలభై ఏళ్ళు కాల్చిన వంతు ఆయనది, కూర్చిన వంతు ఆవిడది. షెల్ఫు మీద కాఫీ డబ్బాలో కాల్చేసిన తూటాల ఇత్తడి తొడుగులు ఇరవై మెరుస్తున్నాయి.

"ఇవి ఇప్పుడు దొరకవు. కాల్చాక ఇరవైకి ఇరవై వెనక్కివ్వాలి. లైసెన్సు రానీ. మందూ, గుళ్ళూ నువ్వు తెచ్చుకో. మీట నువ్వే తిప్పు. నేను పక్కన కూర్చుని తిడతాను."

యెర్కర్ మళ్ళీ అర్జీ రాశాడు. ఈసారి యాభై ఏడును ఉల్లా చేత మూడుసార్లు చదివించాడు. "ఇంతకాలం మన పెళ్ళి తేదీ గుర్తుండలేదు నీకు," అంది ఆవిడ, "ఈ అంకె మాత్రం సమాధి మీద చెక్కించేలా ఉన్నావు."

జూలై పోయింది. ఆగస్టు కూడా అయిపోవచ్చింది. లైసెన్సు ఎప్పుడొచ్చింది? చెక్క దుప్పి శనివారానికి ముందు శుక్రవారం, పొద్దున పదకొండింటికి. యెర్కర్ ఆ కాగితం నోట్లో కరచుకుని కారెక్కాడు. తొంభై కిలోమీటర్లు. కొట్టువాడు గాలాల సొరుగు వెనక నుంచి విప్పిన పెట్టె ఒకటి తీశాడు. అందులో ఆ లావు గుళ్ళు మిగిలినవి ఇరవై. మందు చిన్న డబ్బా ఒకటి. దాంతో బీరు డబ్బాల సొమ్ము సున్నాకు వచ్చింది. తిరిగి తొంభై కిలోమీటర్లు. మధ్యలో రెండు రెయిన్‌డీర్లు రోడ్డు మీద నిలబడి పావుగంట సేపు ఆయన జీవితం గురించి ఆలోచించాయి.

సాయంత్రం టూరా అత్త పక్కన కూర్చుని తూటాలు కూర్చాడు. త్రాసులో మందు తూచి, తొడుగులో పోయబోతే, ప్రతిసారీ ఆవిడ వేలు అడ్డొచ్చి ఒక చిటికె వెనక్కి డబ్బాలో వేసింది.

"కొలత ప్రకారమే ఉందత్తా."

"కొలత రాసినవాడు మందు అమ్ముకునేవాడు. నువ్వు ఊరుకో."

ఇరవై తొడుగులు, ఇరవై చిటికెలు, మధ్యలో ఏడు బిస్కెట్లు. పొదుపు విషయంలో ఇంత ఘనురాలిని యెర్కర్ చూడలేదు. గౌరవంతో నోరు మూసుకున్నాడు.

శనివారం. పాత కంకర గనిలో, ఎనభై మీటర్ల దూరాన చెక్క దుప్పి నిలబడి ఉంది. భుజం వెనక కంచమంత గుండ్రటి గీత. గుళ్ళు అందులో పడాలి. పళ్ళ డాక్టరు క్లాస్ ముందే వచ్చాడు. అతని తుపాకీ ధరకు యెర్కర్ కారు రెండుసార్లు వస్తుంది. పన్ను పీకి సంపాదించి, పన్ను కట్టాక కూడా ఇంత మిగులుతుందా అని యెర్కర్ పళ్ళు కొరికాడు. చిరాకేమిటంటే మనిషి మంచివాడు.

"నా దగ్గర ఇంకోటుంది, వాడుకో," అన్నాడు క్లాస్. "స్కోపుతో సహా."

"సొంతది ఉండాలి," అన్నాడు యెర్కర్. అంతకంటే మర్యాదగా అనడం ఆయన వల్ల కాలేదు.

మొదటి గుండు. తుపాకీ ధబ్ అంది. మిగతా తుపాకుల్లా ఫెళ్ళుమనలేదు. ఎవరో మిద్దె మీంచి బస్తా పడేసినట్టుంది. అవతల దుప్పి పొట్ట కింద గడ్డిలో దుమ్ము లేచింది.

"కింద," అన్నాడు దూరదర్శినిలోంచి చూస్తున్న ఆర్విడ్.

రెండోదీ కిందే. మూడోది, నాలుగోది కూడా. సలహాలు మొదలయ్యాయి. ఊపిరి బిగబట్టమన్నాడు ఒకడు. బిగబట్టొద్దు, వదలమన్నాడు ఇంకొకడు. మోచేయి లోపలికన్నారు, బయటికన్నారు. ట్రిగ్గరు పిల్లిని నిమిరినట్టు నొక్కమన్నారు. ప్రతి సలహా ఖరీదూ ఒక గుండు. ఎనిమిదోది దుప్పి మోకాలికి తగిలింది. "రాగ్నార్ రోగం దీనికీ వచ్చింది!" అని అరిచాడు స్టూరె. జట్టంతా పొట్టలు పట్టుకుంది. పదకొండోది యెర్కర్ కోపంతోనే వేశాడు. గొట్టం మీద, కొట్టువాడి మీద, ఐదు మిల్లీమీటర్ల మీద, అన్నిటికంటే తన మీద. చక్కని చెక్క చూసి మోసపోయినవాడు చెక్క దుప్పినైనా కొట్టలేకపోతున్నాడు.

పదహారు అయిపోయాయి. నాలుగు మిగిలాయి. ఆర్విడ్ జాలిగా గడియారం చూసుకున్నాడు. క్లాస్ నేల చూపులు చూస్తున్నాడు. ఎల్లుండి నుంచి మళ్ళీ అడవిలో అరుపులే. గొంతు సిద్ధంగానే ఉంది.

అప్పుడే గని అంచున టూరా అత్త కనబడింది. చేతిలో ఖాళీ కాఫీ డబ్బా. తొడుగులు వసూలు చేసుకోవడానికి వచ్చింది.

"ఎన్ని తగిలాయి?"

"మోకాలికి ఒకటి," అన్నాడు యెర్కర్.

"ఎక్కడ పెట్టి కొడుతున్నావు?"

"ఎక్కడేంటత్తా? గుండెకాయ మీద!"

"గుండెకాయ మీద పెడితే గుండెకాయకెలా తగులుతుంది? వీపు మీద పెట్టు. వీపు గీత పైన. ఎడ్విన్ నలభై ఏళ్ళు అలాగే కొట్టాడు. మందు చిటికె తగ్గించాం కదా, అది అంత దూరం పోదు."

యెర్కర్ తుపాకీ కింద పెట్టాడు.

"ఆ ముక్క నిన్న చెప్పొచ్చు కదా!"

"నువ్వు అడిగావా? గౌరవంగా నోరు మూసుకుని కూర్చున్నావు."

యెర్కర్ నోట్లోంచి వచ్చిన శబ్దం మాట కాదు. తుపాకీ ఎత్తాడు. దుప్పి వీపు గీతకు వెంట్రుకంత పైన, ఖాళీ ఆకాశంలో గురి పెట్టాడు. ఆకాశాన్ని కొట్టడానికి డబ్బాలు ఏరానా అనుకుంటూ నొక్కాడు. ధబ్.

ఆర్విడ్ దూరదర్శిని దించలేదు. "లోపల," అన్నాడు.

ధబ్. "లోపల."

స్టూరె ఏదో అనబోయి ఆగాడు. ఆ జట్టు చరిత్రలో అది మొదటిసారి.

ధబ్.

ఆర్విడ్ దూరదర్శిని తుడిచాడు, మళ్ళీ చూశాడు. తర్వాత హుప్ అని గాలి లోపలికి పీల్చాడు.

అందరూ భుజం తట్టారు. క్లాస్ అందరికంటే ముందు తట్టాడు, ఆర్విడ్ ఏదో సర్ది అతనికి పక్కనున్న ఏడో మాటు ఇచ్చాడు. "నాలుగోది కూడా కొట్టు, ముచ్చటగా ఉంటుంది," అన్నాడు స్టూరె. యెర్కర్ ఆ చివరి తూటాను బయటికి తీసి, రుమాల్లో చుట్టి, జేబులో పెట్టి గుండీ పెట్టుకున్నాడు. గుళ్ళు మళ్ళీ నవంబరుకే. ఉన్నది ఒక్కటే.

సోమవారం ఉదయం యెర్కర్ ఆరో మాటు నిచ్చెనెక్కి కూర్చున్నాడు. తుపాకీలో ఒక్క తూటా. ఫ్లాస్కులో కాఫీ. బీరువా ఖాళీ చేస్తూ ఉల్లా చేతిలో పెట్టిన రొట్టెలు రెండు. దూరంగా అడవిలో ఎవరో అరుస్తున్నారు, అంత బాగా కాదు. దోమలు పదకొండేళ్ళ బాకీ వసూలు చేస్తున్నట్టు కుట్టాయి. జట్టువాళ్ళ చేతి రేడియో గరగరమంది. గంట, రెండు గంటలు. మూడో గంటలో చిత్తడి నేల మెడలోకి ఒక ఏడాది దుప్పి, కాళ్ళెక్కువ ఒళ్ళు తక్కువ, తడబడుతూ వచ్చి ఆగింది. నలభై మీటర్లు. ఇంత దగ్గర్లో వీపు అక్కర్లేదు, భుజం పై అంచు చాలని టూరా అత్త చెప్పింది. ఈసారి ఆయన అడిగాడు మరి.

ధబ్.

దుప్పి రెండడుగులు వేసి ఒరిగింది. రేడియోలో ఎవరూ ఎవరు కాల్చారని అడగలేదు. "ఆరులో దుంప పడింది," అంది స్టూరె గొంతు. తర్వాత ఆర్విడ్ గొంతు, "ఇంకేమైనా వస్తుందేమో చూడు కుర్రాడా, సిద్ధంగా ఉండు."

వచ్చింది. చెట్ల మధ్య నుంచి, తొందర లేకుండా, నాగలి చెక్కలంత కొమ్ములతో మగదుప్పి. ఆ అడవిలో పదేళ్ళుగా అందరూ చెప్పుకునేదే, ఎవరూ సరిగా చూడనిది. ముప్పై మీటర్ల దగ్గర అడ్డంగా నిలబడి, పొట్టంతా చూపించి, తల తిప్పి యెర్కర్‌ను చూసింది. యెర్కర్ ఖాళీ తుపాకీతో దాన్ని చూశాడు. అది కాస్త గడ్డి నమిలింది. తొందరేముందన్నట్టు ఒంటికి కూడా పోసింది. ఆయన లోపల పదకొండేళ్ళ అరుపు ఒకటి పుట్టి, గొంతు దాకా వచ్చి, అక్కడే చచ్చిపోయింది. అరిస్తే పరిగెడుతుంది, పరిగెడితే ఏడో మాటు వైపే.

అరవకపోయినా అది అటే నడిచింది. కాసేపటికి ఏడు నుంచి ఖరీదైన ఫెళ్ళుమన్న చప్పుడు వినిపించింది.

యెర్కర్ రొట్టె సగం కొరికి, మిగతా సగం జేబులో వేశాడు. తర్వాత కిందికి దిగి, వంగి, నిచ్చెన మొదట్లో నాచులో పడిన ఇత్తడి తొడుగు కోసం వెతకడం మొదలుపెట్టాడు. ఇరవయ్యోది. సాయంత్రంలోగా అప్పజెప్పాలి, లేకపోతే మళ్ళీ ఏడు బిస్కెట్లు తింటూ సంజాయిషీ చెప్పుకోవాలి.